రోడ్డున పడకుండా రోడ్డు మీద బతకడం: వ్యాన్‌ని ఇల్లు చేసుకోవాలనుకునే అమెరికా తెలుగువాళ్లకు

ఉద్యోగం పోయిన మూడో వారం అమ్మకి ఫోన్ చేసి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వ్యాన్‌లోకి మారుతున్నానని చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "అంటే రోడ్డున పడ్డావా నాన్నా?" అంది. ఆ మాటకి మన ఇళ్లల్లో ఎంత బరువుందో చెప్పక్కర్లేదు. "పడకుండా ఉండడానికే వెళ్తున్నానమ్మా" అన్నాను. ఆవిడకి నమ్మకం కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే పట్టింది.

అది 2023 మొదట్లో మాట. టెక్ కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేస్తున్న రోజులు. ఆ తర్వాత రెండు చలికాలాలు, మధ్యలో ఓ ఎండాకాలం బండిలోనే గడిపాను. ఫోన్లో కనిపించే ఆ తెల్లటి కర్టెన్లు, సముద్రం వైపు తెరిచిన వెనక తలుపులు ఇందులో ఉండవు. అద్దె ఇంకా ఎన్ని నెలలు కట్టగలమో తెలియని ఒంటరి మనిషికో, పిల్లల్లేని జంటకో పనికొచ్చే సంగతులే ఉంటాయి. బడికెళ్లే పిల్లలుంటే ఇందులో సగం పనికిరాదు.

మొదటి మెట్టు: బండి కొనకముందే నెలలు లెక్కపెట్టండి

వ్యాన్‌లో ఉంటే డబ్బు మిగులుతుందని అందరూ అంటారు. ఎంత మిగులుతుందన్నది బండికి మీరెంత పోశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం.

చేతిలో 30,000 డాలర్లున్నాయి. అద్దె 2,400, మిగతా ఖర్చులు 1,400. నెలకి 3,800 పోతే, ఆ డబ్బు ఎనిమిది నెలలు కూడా రాదు.

ఇప్పుడు పాత కార్గో వ్యాన్ కొని, చెక్కపనీ కరెంటు పనీ చేయించి, మొత్తం 16,000 పెట్టారనుకోండి. మిగిలింది 14,000. బండిలో నా నెల ఖర్చు ఇంచుమించు ఇలా ఉండేది: పెట్రోలు 250, బండి ఇన్సూరెన్స్ 150, ఫోనూ డేటా 120, తిండి 350, జిమ్ 30, ఉత్తరాల చిరునామా 20, రిపేర్ల కోసం పక్కన పెట్టేది 200, హెల్త్ ఇన్సూరెన్స్ 200, చిల్లరమల్లర 100. మొత్తం 1,420. అంటే 14,000 పదినెలలు కూడా రాదు. ఇంత అవస్థా పడి, మంచం అడ్డంగా వేసుకుని పడుకుని, మీరు కొనుక్కున్నది రెండు నెలలు!

అదే 7,000 పెట్టి పాత మినీవ్యాన్ కొని, దాని మీద ఇంకో 800 మాత్రమే ఖర్చుపెడితే 22,200 మిగులుతాయి. పెట్రోలు తక్కువ తాగుతుంది కాబట్టి నెలకి 1,350. పదహారు నెలలు దాటి వస్తుంది.

కార్గో వ్యాన్‌ని రేపు అమ్మితే డబ్బు తిరిగొస్తుంది కదా అంటారు. కొంత వస్తుంది. కానీ ఉద్యోగాల్లేని రోజుల్లో కొనేవాళ్లూ తక్కువే. కాబట్టి నా సూత్రం ఒక్కటే: చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతుకి మించి బండి మీద పెట్టకండి. నేను ఈ సూత్రం పాటించలేదు. అందుకే చెప్తున్నాను.

రెండో మెట్టు: కాగితాలు

ఇది విసుగొచ్చే భాగం. కానీ ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అపార్ట్‌మెంట్ తాళాలు ఇచ్చేయకముందే ఈ పనులన్నీ అయిపోవాలి.

అన్నిటికంటే ముందు వీసా. హెచ్-1బి మీద, అంటే కంపెనీ పెట్టించే పని వీసా మీద ఉండి ఉద్యోగం పోతే మీకున్నది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన కాగితం, దాని గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటిదాకానే. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. వ్యాన్‌తో పదహారు నెలలు కొనుక్కున్నా వీసా గడియారం ఆగదు. మీకు ఈ బండి గోల వద్దు. స్నేహితుడి ఇంట్లో సోఫా చాలు.

ఉద్యోగం ఉండి, హెచ్-1బి మీదే ఉండి, అద్దె మిగుల్చుకుందామని బండిలోకి మారేవాళ్లకి ఇంకో చిక్కుంది. మీ పిటిషన్ ఒక ఫలానా పనిచోటుకి కట్టుబడి ఉంటుంది. 2015లో సిమియో సొల్యూషన్స్ అనే కంపెనీ కేసులో వచ్చిన నిర్ణయం ప్రకారం, పనిచోటు ఆ మెట్రో ప్రాంతం దాటి మారితే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. అదే ఊళ్లో బండిలో పడుకుని ఆఫీసుకి వెళ్లడం వేరు, ఎరిజోనా ఎడారిలో కూర్చుని లాగిన్ అవడం వేరు. రెండోది కంపెనీ లాయరుని అడగకుండా చేయకండి.

గ్రీన్ కార్డ్ వాళ్లు కూడా చిరునామా మారిన 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం పెట్టాలి. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తూ ఇంటర్వ్యూ నోటీసు పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడితే ఏమవుతుందో ఆలోచించండి.

చిరునామాకి రెండు దారులు. ఒకటి, నమ్మకమైన స్నేహితుడి ఇల్లు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి, వీసా కాగితాలు నడుస్తున్నవాళ్లకి ఇదే మేలు. రెండోది, ఉత్తరాలు అందుకుని స్కాన్ చేసి పంపే సంస్థల చిరునామా. దానికి పోస్టాఫీసు వాళ్ల 1583 ఫారం నింపాలి. టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి పూర్తికాలం తిరిగేవాళ్లు ఎక్కువగా అక్కడే పెట్టుకుంటారు. దారిలో పార్సిల్ కావాలంటే పోస్టాఫీసుకే 'జనరల్ డెలివరీ' అని మీ పేరుతో తెప్పించుకోవచ్చు, 30 రోజుల దాకా ఉంచుతారు. మన ఊళ్లో పోస్టాఫీసుకే వెళ్లి ఉత్తరం తెచ్చుకున్నట్టే.

ఆరోగ్యానికి: ఉద్యోగంతో పాటు కవరేజీ పోతే ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ ఎంచుకోవడానికి 60 రోజులుంటాయి. కోబ్రా, అంటే పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించే ఏర్పాటు, తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికీ 60 రోజులే. కోబ్రా అయితే పాత డాక్టర్లే ఉంటారు గానీ కంపెనీ వాటా కూడా మన నెత్తినే పడుతుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో చాలావాటి ఆసుపత్రులు మీ చిరునామా ఉన్న ప్రాంతానికే పరిమితం. చిరునామా ఒక రాష్ట్రంలో, మీరు ఏడాదంతా ఇంకో రాష్ట్రంలో ఉంటే, ఎమర్జెన్సీకి తప్ప దేనికీ అక్కరకి రాదు.

బండి ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం అబద్ధం చెప్పకండి. ఇందులోనే ఉంటున్నానని చెప్తే కొందరు ఇవ్వరు, కొందరు ఎక్కువ అడుగుతారు. చెప్పకపోతే క్లెయిమ్ రోజున చెప్పాల్సి వస్తుంది.

మూడో మెట్టు: పది రాత్రులు

ఏదీ కొనకముందు మీ సొంత కారులో సీట్లు మడిచి, ఏదైనా క్యాంప్‌గ్రౌండ్‌లో పది రాత్రులు పడుకోండి. వరసగా పది, మధ్యలో ఇంటికి రాకుండా. మూడో రాత్రి నడుము చెప్తుంది, ఆరో రాత్రి మనసు చెప్తుంది. జంటగా వెళ్లేవాళ్లు తప్పకుండా చేయాలి. వాన పడే రోజున, ఇద్దరూ లోపలే ఉన్నప్పుడు, ఒకరు మీటింగ్‌లో ఉంటే రెండోవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఈ ప్రశ్నకి జవాబు దొరక్క బండి అమ్మేసుకున్న జంట నాకు తెలుసు.

నాలుగో మెట్టు: ఏ బండి

టొయోటా సియెన్నా, హోండా ఆడిస్సీ లాంటి మినీవ్యాన్లు డబ్బు గురించి భయపడేవాళ్లకి నా మొదటి సలహా. మధ్య సీట్లు తీసేస్తే నిండుగా కాళ్లు చాపుకోవచ్చు, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు, వీధిలో ఆపితే ఎవరూ రెండోసారి చూడరు. నిలబడలేం. అదొక్కటే లోటు, కానీ చిన్న లోటు కాదు.

నిలబడాలంటే ఎత్తు కప్పున్న కార్గో వ్యాన్. రామ్ ప్రోమాస్టర్ లోపలి వెడల్పు దాదాపు 6 అడుగుల 3 అంగుళాలు, కాబట్టి మన ఎత్తువాళ్లు అడ్డంగా పడుకోవచ్చు, మంచం చోటు కలిసొస్తుంది. ముందు చక్రాల డ్రైవ్ కావడంతో నేల కిందగా ఉంటుంది, మట్టి దారిలో కాస్త ఇబ్బంది. ఫోర్డ్ ట్రాన్సిట్ ఇంకా ఎత్తు, నడపడానికి కారులా ఉంటుంది. మెర్సిడెస్ స్ప్రింటర్ డీజిల్ బండి, అందంగా ఉంటుంది, రిపేరుకి వెళ్తే ఆ అందానికి బిల్లు వేస్తారు. పాత స్కూల్ బస్సు ఆలోచన ఉంటే, ముందు దానికి ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లని వెతికి, ఆ తర్వాత బస్సుని వెతకండి.

తుప్పు గురించి ఒక మాట. మంచు ఊళ్లలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ పదేళ్లు తిరిగిన బండి పైకి నిగనిగలాడుతుంది, కింద మాత్రం అప్పడంలా ఉంటుంది. నేను అలాంటిదే కొన్నాను. ఫోటోలు చూసి, అమ్మే మనిషి మాటతీరు చూసి మురిసిపోయాను. 200 డాలర్లిచ్చి మెకానిక్‌తో పరీక్ష చేయిద్దామా అనుకుని, ఎందుకులే అనేసుకున్నాను. ఆరు వారాల్లో బ్రేక్ లైన్లు, అడుగు భాగం వెల్డింగ్ కలిపి 1,900 అయ్యింది. వీలైతే ఎరిజోనా, నెవాడా, దక్షిణ కాలిఫోర్నియాల్లో తిరిగిన బండే కొనండి. ఎక్కడ కొన్నా లిఫ్ట్ మీద పెట్టించి కింద నుంచి చూడండి.

ఐదో మెట్టు: లోపలి పని, ఈ వరసలోనే

అందరూ అల్మారాలతో మొదలుపెడతారు. గాలితో మొదలుపెట్టండి. నిద్రలో ఒక మనిషి ఊపిరితోనే గ్లాసుడు నీళ్లు గాల్లో కలుస్తాయి. ఇనప గోడకి అది చెమటలా పట్టి, పరుపు కిందికి దిగి, నెల తిరిగేసరికి బూజు. పైకప్పుకి 14 అంగుళాల చదరపు కన్నం కోసి ఫ్యాన్ బిగించడానికి చెయ్యి వణుకుతుంది, నాకూ వణికింది. అయినా చెయ్యాల్సిందే. రాత్రి ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉండాలి, చలికాలంలో కూడా. మినీవ్యాన్‌లో కప్పు కోయనక్కర్లేదు, కిటికీ దోమతెరలూ చిన్న ఫ్యానూ సరిపోతాయి.

తర్వాత మంచం: ప్లైవుడ్, దాని మీద అయిదంగుళాల ఫోమ్, కింద గాలి ఆడేలా పలకల మధ్య సందులు. కిటికీలకి వెండిరంగు రేకు పరుచుకున్న అట్టలు. నా బడ్జెట్‌లో ఇక్కడితో సామాను అయిపోయింది. బట్టలకి ప్లాస్టిక్ డబ్బాలు. బండిలో ఉన్నన్నాళ్లూ అల్మారా లేదన్న బాధ నాకు ఒక్కరోజూ కలగలేదు.

ఇక కరెంటు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మనవాళ్లకి అన్నం కావాలి.

నా ఒక రోజు వాడకం వాట్-అవర్లలో: లాప్‌టాప్ 60 వాట్లు ఎనిమిది గంటలు, 480. చిన్న ఫ్రిజ్ 380. ఫ్యాన్ 200. లైట్లూ ఫోనూ 60. మూడు క్వార్ట్‌ల ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో అన్నం, పప్పు కలిపి 200. మొత్తం 1,320. పన్నెండు వోల్టుల 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది 1,280. అంటే ఒక బ్యాటరీ ఒక రోజుకి కూడా చాలదు. రెండు పెట్టుకోండి. కప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ అమెరికా నైరుతి రాష్ట్రాల ఎండల్లో వేసవి రోజున 800 దాకా ఇస్తుంది, డిసెంబరులో అందులో సగం అనుకోండి. మిగతాది ఇంజిన్ నుంచి రావాలి. బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఈ బ్యాటరీలు నింపే 30 ఆంప్‌ల డీసీ-డీసీ చార్జర్ గంటకి 380 దాకా ఇస్తుంది. డబ్బు లేదంటే ముందు చార్జరే కొనండి, సోలార్ తర్వాత. ఒక్క జాగ్రత్త: ఈ లిథియం బ్యాటరీల్ని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు, కాబట్టి వాటిని లోపల, మంచం కింద పెట్టండి.

వైర్ల మందం దగ్గర పిసినారితనం వద్దు. ఇంట్లో 120 వోల్టుల మీద 700 వాట్ల కుక్కర్ ఆరు ఆంప్‌లు లాగుతుంది. అదే కుక్కర్ పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా 65 ఆంప్‌లు లాగుతుంది. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి అయితే 165. నేను చేతిలో ఉన్న సన్న వైరుతో ఇన్వర్టర్ కలిపి, కుక్కర్ పెట్టి, పక్కన కూర్చున్నాను. అన్నం ఉడక్కముందే వైరు ఉడికింది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి, ఆ ఫ్యూజ్ వైరు కంటే ముందు కాలిపోయే సైజులో ఉండాలి. ఈ ఒక్క పనికి తెలిసినవాళ్లకి డబ్బిచ్చి చేయించుకున్నా నేనేమీ అనను.

వేడికి ప్రొపేన్ హీటర్ చవక. కానీ మండిన ప్రొపేన్ నీటి ఆవిరి వదులుతుంది, గాలి సరిగా ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా. అది వెలిగించి పడుకోకూడదు. పొగ బయటికి గొట్టం గుండా పోయే డీజిల్ హీటర్ మేలు. ఏది పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. గ్యాస్ వాడితే గ్యాస్ డిటెక్టర్ నేలకి దగ్గరగా పెట్టండి, ప్రొపేన్ గాలి కంటే బరువు.

వంట సంగతి. బండిలో పోపు పెట్టకండి. ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి వాసన దిండు గలీబులోకి, ఇంటర్వ్యూకి దాచుకున్న ఒకే ఒక్క చొక్కాలోకి వెళ్లి కూర్చుంటుంది. చిన్న క్యాంప్ స్టవ్ బయట పెట్టి తాలింపు అక్కడే వేసుకోవాలి. చలికాలమంతా నేను కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, పెరుగు మీద లాగించేశాను. ఫ్రిజ్ లేని కాలంలో మన అమ్మమ్మలు కనిపెట్టినవన్నీ వ్యాన్ కోసమే కనిపెట్టారా అనిపించేది. గూడుబండి కట్టుకుని తిరనాళ్లకి వెళ్లినప్పుడు వాళ్లు మూటగట్టుకున్నదీ అదేగా. గిన్నెలు కడగడానికి ముందు కాగితంతో తుడిచేస్తే నీళ్లు సగానికి సగం మిగులుతాయి. ఏడు గ్యాలన్ల డబ్బా ఒక మనిషికి నాలుగైదు రోజులు వస్తుంది.

ఎలుగుబంట్లు తిరిగే చోట్ల మాత్రం ఆవకాయ జాడీ కారులో వదిలేసి నడకకి వెళ్లకండి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ లాంటి చోట్ల తిండి పెట్టడానికి ఇనప పెట్టెలుంటాయి. వాడమని బతిమాలరు, నియమం అది.

ఆరో మెట్టు: ఎక్కడ ఆపుకోవాలి

ఊళ్లో అయితే చీకటిపడ్డాక వెళ్లి, తెల్లారకముందే బయల్దేరాలి. వండుకునేది, పళ్లు తోముకునేది వేరే చోట. ఒకే వీధిలో వరసగా రెండు రాత్రులు వద్దు. బండిలో పడుకోవడం మీద నియమాలు ఊరూరికీ వేరు. వాహనాల్లో నివసించడాన్ని నిషేధించిన లాస్ ఏంజెలెస్ చట్టాన్ని 2014లో అప్పీల్ కోర్టు, అస్పష్టంగా ఉందని కొట్టేసింది. పదేళ్ల తర్వాత, 2024 జూన్‌లో ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ స్థలాల్లో పడుకోవడం మీద నిషేధాల్ని నగరాలు అమలు చేయవచ్చంది. ఆ తర్వాత చాలా ఊళ్లు బిగించాయి. వెళ్లే ఊరి నియమం వెళ్లకముందే చదవండి.

వాల్‌మార్ట్‌లో ఉండనిస్తారా అన్నది ఆ స్టోర్ మేనేజర్ ఇష్టం. లోపలికెళ్లి అడిగితే పోయేదేమీ లేదు. హైవే విశ్రాంతి స్థలాల్లో టెక్సస్ 24 గంటలు, కాలిఫోర్నియా 8 గంటలు ఉండనిస్తాయి. శాంటా బార్బరాలో 2004 నుంచి, రాత్రి బండి ఆపుకోవడానికి స్థలం చూపించి, ఇల్లు దొరికేదాకా తోడుండే సేఫ్ పార్కింగ్ కార్యక్రమం నడుస్తోంది. అలాంటివి ఇంకొన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడకండి. మన గుళ్ల సంగతి: వారాంతం ప్రసాదం తిని, అక్కడే పార్కింగ్‌లో పడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కమిటీ వాళ్లని అడగకుండా వద్దు. నేను అడిగాను, వద్దన్నారు. కానీ ఆ వద్దన్నాయనే రెండు డబ్బాలు పులిహోర కట్టించి ఇచ్చారు.

తలుపు తడితే? రాత్రి రెండింటికి అద్దం మీద టార్చి పడితే గుండె జారుతుంది. లైటు వేసి, చేతులు కనిపించేలా పెట్టి, "సారీ ఆఫీసర్, వెళ్లిపోతున్నా" అని వెళ్లిపోవడమే. అందుకే డ్రైవర్ సీటుకి దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, తాళం ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.

ఇంటర్వ్యూల ఒత్తిడి లేని నెలల్లో ఊరొదిలి పడమటికి వెళ్లండి. బీఎల్‌ఎం భూముల్లో, అంటే సమాఖ్య ప్రభుత్వ ఖాళీ భూముల్లో, మామూలుగా 28 రోజుల్లో 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు, తర్వాత కదలాలి. ఎరిజోనాలో క్వార్ట్‌సైట్ పక్కన లా పోసా అనే దీర్ఘకాల ప్రాంతంలో నేనున్న సీజన్‌లో, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మొత్తానికీ 180 డాలర్లే. ఏడు నెలల అద్దె 180 డాలర్లని చెప్తే నాన్న, "మొత్తానికా, నెలకా?" అని రెండుసార్లు అడిగారు. ఎండలు ముదిరాక పైకి ఎక్కాలి: ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది. క్వార్ట్‌సైట్ వెయ్యి అడుగుల లోపు ఎత్తులో ఉంటే, అదే రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగుల మీద ఉంది. అక్కడ నలభై సెల్సియస్ డిగ్రీలు దాటి మాడుతున్న రోజున ఇక్కడ సాయంత్రానికి స్వెట్టర్ వేసుకున్నాను.

ఏడో మెట్టు: స్నానం, బాత్రూం, మనిషి తోడు

ప్లానెట్ ఫిట్‌నెస్ లాంటి జిమ్ పెద్ద మెంబర్‌షిప్ తీసుకుంటే దేశంలో ఏ బ్రాంచిలోనైనా షవర్ దొరుకుతుంది. బాత్రూంకి అయిదు గ్యాలన్ల బకెట్, దానిలో సంచి, పిల్లి ఇసుక (క్యాట్ లిట్టర్). అర్ధరాత్రి చిన్న అవసరానికి మూత గట్టిగా ఉన్న సీసా. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాయకపోతే మీరు నన్ను తిట్టుకుంటారు.

వీడియో ఇంటర్వ్యూలకి పబ్లిక్ లైబ్రరీ స్టడీ రూములు బుక్ చేసుకోండి. ఉచితం, వైఫై బాగుంటుంది, వెనక గోడ గోడలా ఉంటుంది. ఎడారిలో సిగ్నల్ కోసం రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి.

ఒంటరితనానికి చిట్కా ఏమీ లేదు. వారానికోసారి తెలిసినవాళ్ల ఇంట్లో భోజనం చేసేలా దారి గీసుకునేవాణ్ని. వంద మైళ్లు ఎక్కువైనా సరే.

వెళ్లేటప్పుడే తిరిగొచ్చే డబ్బు

ఒక 5,000 డాలర్లు వేరే ఖాతాలో పెట్టి, అది లేదనుకోండి. ఉద్యోగం దొరికిన రోజున అడ్వాన్సూ మొదటి నెల అద్దే కట్టాలంటే, మొదటి జీతానికి ముందే కావాలి. అంటే పైన మినీవ్యాన్‌తో వచ్చిన పదహారు నెలలు నిజానికి పన్నెండున్నరే. పాత అపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర అద్దె సరిగా కట్టినట్టు ఒక ఉత్తరం రాయించుకుని స్కాన్ చేసి ఉంచుకోండి. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని కొత్త ఇంటివాళ్లు తప్పకుండా అడుగుతారు.

నాకు ఉద్యోగం రెండో చలికాలం చివర్లో దొరికింది. బండి అమ్మకానికి పెడితే ఒక కుర్ర జంట వచ్చారు. లిఫ్ట్ మీద పెట్టించి చూసుకున్నారు, తెలివైనవాళ్లు. అంతా నచ్చింది గానీ, ఆ అమ్మాయి పరుపు దగ్గర వంగి, లోపల ఏదో వాసన వస్తోందే, ఏమిటది అని అడిగింది. ఇంగువ అని చెప్పలేదు. మూడు వందలు తగ్గించాను.